కొత్త తుంటి, నలభై రోజుల పథ్యం

మా చుట్టుపక్కల ఊళ్ళలో తుంటి కీలు మార్పించుకోబోయేవాళ్ళందరూ ఈమధ్య నా దగ్గరికే వస్తున్నారు. "ఎలా ఉంటుందండీ, నొప్పెక్కువా?" అని అడుగుతున్నారు. చెప్పిందే చెప్పి విసుగొచ్చింది. అందుకే రాసిపెడుతున్నాను. ముందుగా ఒక్క మాట. డాక్టరు కత్తికి భయపడకండి. అది గంటన్నర పని, అదీ మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఇంటికి వచ్చాక మనవాళ్ళు చేసే సేవ ఉంటుంది చూశారూ, దానికి భయపడండి.

నాకు అరవై మూడేళ్ళు. ఉండికీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఉన్న ఊరు మాది. నాలుగెకరాల వరి పొలం ఉంది, వానాకాలంలో సార్వా, వేసవికి దాళ్వా, రెండు పంటలు. చుట్టూ ఉన్న పొలాలు ఒక్కొక్కటే చేపల చెరువులైపోయాయి. నాదీ, నా పక్క ఇద్దరిదీ మిగిలాయి. ఎడమ తుంటి ఆరేడేళ్ళుగా అరుగుతూ వచ్చింది. కుంటుకుంటూనే గట్లు తిరిగాను. కిందటి సార్వాలో గట్టు మీద జారి పడితే నలుగురు మంచం మీద వేసి ఇంటికి మోసుకొచ్చారు. ఇక తప్పదన్నారు.

మాకు పిల్లల్లేరు. నా భార్య రత్నం తన తమ్ముడు శీనుని చిన్నప్పటి నుంచీ మా ఇంట్లోనే పెంచింది. ఇప్పుడతనికి కొల్లేటికోట వైపు చెరువులున్నాయి. మా వీధి చివరే ఇల్లు కట్టుకున్నాడు. మంచివాడే. ఈ కథలో అందరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు.

ఫిబ్రవరి, ఏలూరు

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు గది ముందు కూర్చున్నవాళ్ళు ఎవరి ఎక్స్‌రే వాళ్ళు చూసుకోరు. పక్కవాడి ఫిల్ము లాక్కుని, ట్యూబులైటుకి ఎత్తిపట్టి, నోరు చప్పరిస్తారు. మోకాలి నొప్పితో వచ్చిన ఒకాయన నాది అలాగే చూసి, "బాగా అరిగిపోయిందండీ. మావాడొకడికి ఇలాగే మార్చారండి. ఆర్నెల్లకి లోపలి బంతి జారిపోయింది. మళ్ళీ మంచం దిగలేదు పాపం" అన్నాడు. నేను అడగలేదు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. తన వంతు రాగానే లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం నా చెవిలో కాపురం పెట్టింది. తర్వాత నన్ను పీడించింది నొప్పి కాదు, ఆ మాటే.

ఆపరేషను గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నడుములో సూది వేశారు. కాళ్ళు నావి కాకుండా పోయాయి. తెర అవతల వడ్రంగి పని లాంటి చప్పుళ్ళు వినిపించాయి. ఎవరో పాట పెట్టమన్నారు. అంతే. మర్నాడు పొద్దున్నే కరుణ వచ్చింది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి, కామవరపుకోట వాళ్ళు. వారంలో మూడు రోజులు ఏలూరులో, మిగతా రోజులు తాడేపల్లిగూడెంలో సొంత క్లినిక్కులో పనిచేస్తుంది. ముప్పై ఏళ్ళుండవు. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు.

"లేవండి రాంబాబు గారూ. నుంచోవాలి."

రత్నానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "అయ్యో, నిన్ననే కదమ్మా కోసింది!"

"అందుకేనండి ఇవాళ లేపుతున్నాను."

"జారిపోదా?" అని నేను అడిగాను.

"నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నా, కాలు మీద కాలు వేసుకున్నా, అడ్డంగా వంగినా జారొచ్చండి. నడిస్తే జారదండి. నడవకపోతేనే కండ కరిగిపోద్ది. అప్పుడు నిజంగా భయపడాలి."

వాకరు పట్టుకుని నాలుగడుగులు వేశాను. చెమటలు పట్టాయి. అయినా ఆ నాలుగడుగుల్లో ఒక సంగతి తెలిసింది. కోసిన చోట నొప్పి ఉంది గానీ, ఏడేళ్ళుగా లోపల ఎముక మీద ఎముక రాసుకునే ఆ పాత నొప్పి లేదు. మాయమైపోయింది. అయిదో రోజుకి వరండా చివరిదాకా వెళ్ళి రాగలిగాను. ఇంటికి పంపేటప్పుడు కరుణ కాగితం ఇచ్చి, అందులో ఇంగ్లీషులో ఉన్నదంతా రత్నానికి తెలుగులో చెప్పింది. రోజూ నిన్నటి కంటే నాలుగడుగులు ఎక్కువ నడవాలి. ఎత్తు కుర్చీలోనే కూర్చోవాలి. పప్పు, గుడ్డు, చేప బాగా తినాలి, కండ పట్టాలి. రత్నం అన్నిటికీ తలూపింది. ఇంటికి రాగానే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వెంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టి, దణ్ణం పెట్టుకుంది.

మార్చి, ఇంట్లో

ఇంటికొచ్చిన మూడో రోజున రత్నం వాళ్ళ అక్క సూరమ్మ వదిన పెట్టెతో సహా దిగింది. మా వైపు ఎవరికి కాన్పయినా, ఆపరేషనయినా పథ్యం పెట్టించేది ఆవిడే. వస్తూనే వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఉడుకుతున్న కందిపప్పు గిన్నె దింపించేసింది.

"పప్పేంటే, నీకేమన్నా మతి పోయిందా? కోసిన చోట చీము పట్టదూ?"

"ఆ అమ్మాయి తినమందక్కా."

"ఆ అమ్మాయికేం తెలుసు, నిన్న మొన్న పుట్టింది. నేనెంతమందికి చెయ్యలేదు పథ్యం!"

ఆ క్షణం నుంచి నేను బాలింతనయ్యాను. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాచిన నెయ్యి, బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు. పప్పు లేదు, గుడ్డు లేదు, చేప లేదు, పెరుగు లేదు. కొల్లేటి పక్కన పుట్టి పెరిగి, నలభై రోజులు చేప ముక్క వాసన చూడలేదు నేను. చెవుల్లో దూది పెట్టారు. తలకి గుడ్డ చుట్టారు. గాలి తగలకూడదని కిటికీలు మూశారు. మార్చి నెల ఎండలో, మూసిన గదిలో, తలగుడ్డతో అరవై మూడేళ్ళ మగవాణ్ణి చూసి నవ్వు రావాలి. అప్పుడు ఎవరికీ రాలేదు, నాకు అసలే రాలేదు.

ఇక పరామర్శలు. ఆపరేషనయిన మనిషిని చూడటానికి వట్టి చేతుల్తో రాకూడదు కాబట్టి ప్రతివాళ్ళూ బ్రెడ్డు ప్యాకెట్టో, యాపిల్ పళ్ళో తెస్తారు. నాకు పథ్యం కాబట్టి అవి నేను తినకూడదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి అవే కోసి పెడతారు. వాళ్ళు నా పళ్ళు తింటూ నా మంచం చుట్టూ కూర్చుని, నేను లేనట్టే నా గురించి మాట్లాడుకుంటారు. "మనిషి సగమైపోయారండీ." "ఎలా తిరిగే మనిషి!" "మా తోడల్లుడి అన్నగారికీ ఇంతేనండి, మూడు నెలలు బాగానే ఉన్నారు, తర్వాత..." ఆ తర్వాత ఏమైందో చెప్పకుండా పెదవి విరిచి పైకి చూస్తారు. వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా ఆపరేషను చేయించుకుని హాయిగా తిరుగుతున్న మనిషి గురించి చెప్పలేదు. అలాంటివాళ్ళు ఊరూరా ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. బాగున్నవాడి సంగతి చెప్పుకోవడానికి ఎవరికీ సరదా ఉండదు. ఒళ్ళు మండిపోయేది. కానీ ఒక్కొక్కరు వెళ్ళాక నా చెయ్యి తుంటి మీదికే వెళ్ళేది, బంతి ఉన్నచోటే ఉందో లేదో తడిమి చూసుకోవడానికి.

కరుణ గూడెం నుంచి స్కూటీ మీద మూడుసార్లు ఇంటికి వచ్చింది. వచ్చి కిటికీలు తీసేది, తలగుడ్డ తీయించేది, నన్ను లేపి నడిపించేది. నేను మూలిగితే వంటింట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ నోరు నొక్కుకునేవాళ్ళు. మూడోసారి నేను గట్టిగానే అరిచాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ అరుపులో నొప్పి సగమే. మిగతా సగం వాళ్ళకి వినిపించాలని. ఆ రోజు రత్నం వీధిగుమ్మం దాకా వెళ్ళి, "ఇంక రావద్దులేమ్మా, ఆయన తట్టుకోలేకపోతున్నారు. మేం చూసుకుంటాం" అని చెప్పింది. ఆ మాట నాకు మంచం మీదికి స్పష్టంగా వినిపించింది. నేను కల్పించుకుని వద్దనలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత కరుణ వారానికోసారి ఫోన్ చేసేది. "నడుస్తున్నారాండీ?" "నడుస్తున్నానమ్మా." "ఎంత దూరమండీ?" "వీధి చివరిదాకా." మంచం మీద పడుకునే చెప్పేవాణ్ణి. నా పక్కన స్టీలు గ్లాసూ చెంచా ఉండేవి. చెంచాతో కొడితే రత్నం వచ్చేది. మంచినీళ్ళకి కొట్టేవాణ్ణి, దుప్పటి సర్దడానికి కొట్టేవాణ్ణి, ఊరికే కూడా కొట్టేవాణ్ణి. నలభై ఏళ్ళు పొలానికి చాకిరీ చేసిన నాకు ఒకరు చాకిరీ చేస్తుంటే బాగుండేది. దీనికి సిగ్గుపడుతున్నాను, కానీ దాచను. రోగి అంటే పాపం అమాయకుడని అందరూ అనుకుంటారు. కాదు. భయపడే రోగి ఇల్లంతటినీ తన మంచం చుట్టూ కట్టేసుకుంటాడు.

తొడ కండ ములక్కాడలా అయిపోయింది. వాకరు మూలన పడింది, దాని మీద రత్నం తడి తువ్వాళ్ళు ఆరేసేది. శీను రోజూ సాయంత్రం వచ్చి నా కాళ్ళ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు చాలా మెల్లగా ఎత్తాడు మాట.

"బావగారూ, ఇంక మీరు పొలం గొడవలు పెట్టుకోకండి. దాళ్వా కోత అయ్యాక మన నాలుగెకరాలూ చెరువు కింద తవ్వించేద్దాం. మొత్తం నేను చూసుకుంటాను. మీరు కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పండి చాలు."

వరి పొలాన్ని ఒకసారి చెరువు తవ్వితే మళ్ళీ పొలం కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. రత్నం తలుపు పక్కన నుంచుని నా ముఖం వంకే చూస్తోంది. నేను గోడ వైపు తిరిగి, "మీ ఇష్టం" అన్నాను.

మార్చి చివర

నన్ను చూడటానికి రానివాడు ఊళ్ళో ఒక్కడే, ఏసుపాదం. పద్దెనిమిదేళ్ళుగా నా పొలంలో నాతోపాటు వ్యవసాయం చేస్తున్న మనిషి. రాలేదేమని మనసులో తిట్టుకున్నాను కూడా. ఒక మధ్యాహ్నం వచ్చాడు. చేతిలో బ్రెడ్డు లేదు, కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద. గుమ్మంలోనే నుంచున్నాడు.

"ఎలా ఉన్నారు అని అడగవేమయ్యా?" అన్నాను.

"మీ సంగతి తర్వాతండి. చేను పాలు పోసుకుంటోందండి. శివారుకి నీళ్ళు ఎక్కట్లేదు. ఇప్పుడు తప్పితే అంతా తాలు గింజేనండి. లస్కరు నా మాట వినట్లేదు. మీరు మాట్లాడాలండి."

లస్కరంటే కాలవ నీళ్ళు వదిలే మనిషి. అతనికీ నాకూ పాతికేళ్ళ తగువు.

"నేనా? నా పరిస్థితి చూస్తున్నావుగా."

"కాలు మార్చారు గానీ నోరు మార్చలేదు కదండీ."

సూరమ్మ వదిన వంటింట్లోంచి, "రోగిష్టి మనిషిని విసిగించకయ్యా" అని కేకేసింది. ఏసుపాదం కదల్లేదు. "ఆయ్, విసిగిస్తానండి. ఇది నా గురించేనండి, ఆయన గురించి కాదు. ఈ చేను పోతే నేను చెరువుల మీద కాపలాకి పోవాలండి" అన్నాడు.

నాలుగు వారాల్లో నన్నొకరు ఒక పని అడగడం అదే మొదలు. మంచం మీదే లేచి కూర్చున్నాను. తలగుడ్డ పీకేశాను, చెవుల్లో దూది ఉంటే ఫోను వినబడదని అదీ తీసేశాను. లస్కరుకి ఫోన్ చేసి, ఇరవై నిమిషాలు అరిచాను. ఆ రోజే శివారుకి నీళ్ళెక్కాయి. ఒంట్లో రక్తం మళ్ళీ పారినట్టనిపించింది. ఎన్ని పళ్ళూ పరామర్శలూ చెయ్యని పని ఆ తగువు చేసింది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం శీను మా వరండాలో నుంచుని మట్టి తవ్వే మిషను యజమానితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను నిద్రపోతున్నాననుకున్నాడు.

"లేదండీ, ఏ ఇబ్బందీ లేదు. అక్క ఒప్పుకుంది. బావగారు ఇంక లేవరండి."

ఎగతాళిగా అనలేదు, జాలిగా అన్నాడు. ప్రాణం పోతున్న మనిషి గురించి అనే మాట అది, నా గురించి నా వరండాలో అంటున్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం నాకు మందులన్నిటి కంటే బాగా పనిచేసింది. అతను వెళ్ళగానే కరుణకి ఫోన్ చేశాను.

"అమ్మా, నేను నడవట్లేదు. నీకు అబద్ధం చెబుతున్నాను."

"తెలుసండి."

"ఎలా తెలుసు?"

"నడిచేవాళ్ళు నొప్పుల గురించి చెప్తారండి. ఇక్కడ పట్టేసింది, అక్కడ లాగుతోంది అని విసిగిస్తారు. మీరెప్పుడూ బాగానే ఉందనేవారు. ఏం తింటున్నారండీ?"

చెప్పాను.

"బాలింతకైనా ఇంతకంటే బలమైన తిండి పెడతారండి. మిమ్మల్ని పస్తులు పెట్టి, నడవలేకపోతున్నారంటే ఎలాగండీ? ముందు తినండి, ఆటో ఎక్కగలిగిన రోజున గూడెం రండి. నేను మాత్రం మీ ఇంటికి రానండి. ఒకసారి పంపించేశారు."

ఏప్రిల్

మర్నాడు పొద్దున నేను గ్లాసు కొట్టలేదు. వాకరు మీద తువ్వాళ్ళు తీసి, దాన్ని పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. పది అడుగులకే తొడ వణికింది.

"మామిడికాయ పప్పు వండు రత్నం."

సూరమ్మ వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. "చీము పడితే ఎవరిది మరిదిగారూ బాధ్యత?"

"నాదే వదినా. కాలు నాది."

"అలాగే కానివ్వండి. నేనుండగా మాత్రం ఈ ఇంట్లో అది జరగదు" అని సాయంత్రం బస్సుకి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఇప్పటికీ మాట్లాడదు. రత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ పప్పు వండింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, నేను విషం తింటున్నట్టు చూసింది. మూడు రోజుల పాటు పొద్దునా సాయంత్రం కోసిన చోట మచ్చ చూసేది. అది మామూలుగానే ఉంది. నాలుగో రోజున స్వామి పటం వెనక నుంచి ఆ కాగితం తీసి, పక్కింటి ఇంజనీరింగు అమ్మాయితో చదివించుకుంది. ఆ రాత్రి కంచంలో కొర్రమీను పులుసు పడింది.

ఆ వారంలోనే శీను చెరువు తవ్వకం కాగితాలు తెచ్చాడు, నా సంతకం కోసం. నేను పెట్టనన్నాను.

"మీరే కదా బావగారూ మీ ఇష్టమన్నారు?"

"అన్నాను. తప్పు నాదే. ఇప్పుడు వద్దంటున్నాను."

అతనికి నిజంగానే కోపం వచ్చింది. "మరి పొలం ఎవరు చూస్తారండీ? మీరా? కనీసం మన గేటు దాటి చూపించండి, చాలు. ఈ కాగితాలు ఇక్కడే చింపేస్తాను."

లేచాను. వాకరు తోసుకుంటూ వరండా దాటాను, రెండు మెట్లు దిగాను, గేటు దాకా వెళ్ళాను. గేటు పట్టుకున్నాను. అక్కడితో అయిపోయింది. కాలు ముందుకి రాదు. గేటు వదిలితే పడిపోతానని తెలుసు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. శీను లోపలికి వెళ్ళాడు. కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవాల్సి రావడం కంటే నాకు పెద్ద అవమానం జీవితంలో ఇంకోటి లేదు.

అప్పుడు రత్నం నోరు విప్పింది. ముందు నా మీదే.

"మీరు గట్టు మీద పడిన రోజు మంచం మీద తెస్తుంటే, అందరూ మీరు పోయారనే చెప్పారండి నాకు. వీధి చివరి నుంచి మంచం ఇంటిదాకా వచ్చేవరకూ నేను విధవరాలినేనండి. మళ్ళీ అది పడలేను. పొలం లేకపోతే మీరు మళ్ళీ ఆ గట్టు మీదికి వెళ్ళరు, అంతే నాకు కావాల్సింది. అందుకే ఒప్పుకున్నాను. మీరు మంచం మీదుంటే భయం ఉండేది కాదు నాకు."

నలభై రోజులుగా నేనెందుకు లేవలేదో నాకొక కారణం తెలుసు, నా భయం. రెండోది అప్పుడు తెలిసింది, ఆవిడ భయం. రెండు భయాలూ కలిసి నన్ను ఆ గదిలో పెట్టి కిటికీలు మూశాయి. తర్వాత ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "మిషను మే నెలాఖరు దాకా పక్క చేలల్లోనే ఉంటుందన్నావుగా. అప్పటిదాకా ఆగు. అప్పటికీ ఆయన పొలం చూసుకోలేకపోతే నేనే సంతకం పెట్టిస్తాను" అంది. శీను కాగితాలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మే

ఆటోలో గూడెం, వారానికి మూడుసార్లు. కరుణ జాలి పడదు. "అబ్బా" అంటే, "ఇంకో పదండి" అంటుంది. ఏడిస్తే నీళ్ళిచ్చి, మళ్ళీ "ఇంకో పదండి" అంటుంది. అక్కడ బల్ల మీద నాలాంటివాళ్ళు ఆరుగురుండేవాళ్ళం. ఒకరి ఫిల్ము ఒకరం చూసుకునేవాళ్ళం కాదు, ఇవాళ ఎన్ని మెట్లెక్కావంటే నువ్వెన్ని ఎక్కావని పోట్లాడుకునేవాళ్ళం. కసి మంచిదే, సరైన చోట పెట్టుకుంటే.

వాకరు పోయి చేతికర్ర వచ్చింది. దాళ్వా కోత నేను చూడకుండానే అయిపోయింది. సాయంత్రాలు తారు రోడ్డు మీద పొలం వైపు నడిచేవాణ్ణి. మొదట రైసుమిల్లు దాకా, తర్వాత కాలవ వంతెన దాకా. వంతెన దగ్గర రోడ్డు పల్లంగా దిగుతుంది. అక్కడ నాకు ఆసుపత్రిలో నా ఫిల్ము చూసిన మనిషి చెప్పిన బంతి మాట వినిపించి ఒళ్ళు బిగుసుకుపోయేది. మూడు సాయంత్రాలు అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. నాలుగో రోజు ఏసుపాదం ఎదురొచ్చాడు. చెయ్యందిస్తాడనుకున్నాను. అతను వంతెన గోడ మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

"నాకేం తొందర లేదండి. మీరు దిగినప్పుడే దిగండి" అన్నాడు.

అరగంట పట్టింది. అతను లేవలేదు, రమ్మనలేదు, ధైర్యం చెప్పలేదు. దిగాను. నన్ను చూడటానికి వచ్చినవాళ్ళందరి కంటే ఆ అరగంట కూర్చున్న మనిషికి నేను ఎక్కువ రుణపడి ఉన్నాను.

మూడు నెలలకి ఏలూరు వెళ్ళి ఫిల్ము తీయించుకున్నాం. అంతా కుదురుకుందన్నారు. "గట్టెక్కొచ్చాండీ?" అని కరుణని అడిగింది నేను కాదు, రత్నం.

"ఎండిన గట్టయితే ఎక్కొచ్చండి. కర్ర ఉండాలి, ముందు ఒకరు నడవాలి. వానలు పడ్డాక మాత్రం ఈ ఏడాదికి వద్దండి."

మే నెలాఖరున పక్క చేలో మిషను పని పూర్తయింది. శీను అక్కడే ఉన్నాడని కబురు తెలిసి, పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరాను. రత్నం వెనకే వచ్చింది. వంతెన దాటాం, పల్లం దిగాం. కిలోమీటరు పైనే ఉంటుంది. పొలం దగ్గరికి చేరేసరికి చొక్కా తడిసిపోయింది. ఎడమవైపు మొన్నటిదాకా చేను ఉన్నచోట తాటిచెట్టంత మట్టి కట్ట లేచింది. నా పొలం కోసిన మోళ్ళతో, బీటలు వారి, అలాగే ఉంది.

శీను నన్ను చూసి దగ్గరికొచ్చాడు. నా కర్ర వంకా, తడిసిన చొక్కా వంకా చూశాడు. తర్వాత, "రోడ్డు మీద నడవడం గొప్ప కాదు బావగారూ. వ్యవసాయం రోడ్డు మీద చెయ్యరు" అన్నాడు. నిజమే. కిందికి చూశాను. గట్టు మూరెడు వెడల్పు కూడా లేదు, ఎండకి బిళ్ళలు లేచింది. అదే గట్టు నన్ను పడేసింది. దిగలేనని అప్పుడే ఒప్పేసుకుందామనుకున్నాను.

రత్నం చెప్పులు విప్పింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. నా పక్క నుంచి దాటి గట్టు మీదికి దిగింది. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ గట్టు మీద నడవగా నేనెప్పుడూ చూడలేదు. ఒక అడుగు వేసి, మడమతో మట్టిని తొక్కి చూసి, ఇంకో అడుగు వేసింది.

"ఇక్కడ గట్టిగా ఉందండి. రండి."

దిగాను. ఆవిడ తొక్కిన చోటే కర్ర వేసి, కర్ర వేసిన చోటే కాలు వేశాను. సగం దూరం వెళ్ళేసరికి వెనక నుంచి శీను గొంతు వినిపించింది. అందులో కోపం లేదు, భయమే ఉంది.

"అక్కా, పడిపోతారే బావగారు! వెనక్కి తీసుకురా!"

రత్నం ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ముందున్న మట్టిని మడమతో తొక్కుతూనే గొంతెత్తి చెప్పింది.

"పడితే లేపుకుంటాలే శీనూ. నువ్వు మిషను పంపించెయ్."